హబ్ ఫ్లాంజి మొదట్లో పగులు వచ్చింది. హబ్, అప్‌రైట్ రెండూ మళ్ళీ గీస్తున్నాం, సలహా కావాలి

కొత్త_సస్పెన్షన్
అందరికీ నమస్కారం. మా స్టూడెంట్ ఫార్ములా కారుకి ఈ ఏడాది సస్పెన్షన్ బాధ్యత నాది. చక్రం బిగించే హబ్, ఆ హబ్‌ని బేరింగుల మీద పట్టుకుని సస్పెన్షన్‌కి కలిపే అప్‌రైట్ కూడా అందులోనివే. నిన్న టెస్టింగ్‌లో ముందు ఎడమ చక్రం చేత్తో ఊపితే కదులుతోంది. బేరింగ్ పోయిందనుకుని విప్పాం. బేరింగ్ బాగానే ఉంది. హబ్ మీద, బయటి బేరింగ్ ఆనే భుజం దగ్గర, చుట్టుకొలతలో మూడో వంతు మేర పగులు కనిపించింది. ఇంకొక్క రోజు నడిపి ఉంటే చక్రం ఊడి ఉండేది. రాత్రంతా అదే టెన్షన్.

వివరాలు: డ్రైవర్‌తో కలిపి 300 కిలోలు, బరువు ముందూ వెనకా సగం సగం. ట్రాక్ 1200 మి.మీ., వీల్‌బేస్ 1550, గురుత్వ కేంద్రం ఎత్తు 300, టైరు రేడియస్ 230. హబ్ 6061-టీ6 అల్యూమినియం. స్పిండిల్ (హబ్‌లో బేరింగులు ఎక్కే గొట్టం) బయట 40 మి.మీ., లోపల 25. రెండు బేరింగుల మధ్య దూరం 40. భుజం దగ్గర ఫిల్లెట్ (మూలలో వదిలే గుండ్రటి వంపు) 0.5 మి.మీ. కారు సుమారు 600 కి.మీ. తిరిగింది. ఎఫ్‌ఈఏలో (భాగాన్ని చిన్న ముక్కలుగా చేసి కంప్యూటర్‌లో ఒత్తిడి లెక్కించే పద్ధతి) గరిష్ఠ ఒత్తిడి 115 మెగాపాస్కల్, సేఫ్టీ ఫ్యాక్టర్ 2.4 వచ్చింది. అంత ఉన్నా ఎందుకు పగిలింది?

పాత_కెప్టెన్
ముందు ఒక పని చెయ్యి తమ్ముడూ. మిగతా మూడు హబ్‌లూ విప్పి డై పెనెట్రెంట్ పరీక్ష (కంటికి కనపడని పగుళ్ళని రంగుతో బయటపెట్టేది) చేయించు. అది అయ్యేదాకా కారు షెడ్డు దాటకూడదు. ఒకే డ్రాయింగ్, ఒకే మెటల్, ఒకే 600 కి.మీ. ఒకటి పగిలిందంటే మిగతావీ ఆ దారిలోనే ఉంటాయి.

పగులు లోపలి ముఖం ఫొటో పెట్టు. అలల్లాంటి గీతలు ఉన్నాయా?

కొత్త_సస్పెన్షన్
ఉన్నాయన్నా. అంచు నుంచి లోపలికి వంపు వంపుగా, ఒడ్డున అలలు వదిలిన గీతల్లా. చివర్లో కొంత భాగం మాత్రం గరుగ్గా ఉంది.

పాత_కెప్టెన్
అది ఫెటీగ్. ఒక్క దెబ్బకి విరగలేదు, రోజూ కొంచెం కొంచెంగా తెగింది.

కాగితం తీసుకుని లెక్క వేద్దాం. సాఫ్ట్‌వేర్ తర్వాత. ఒక్కో చక్రం మీద నిలకడ భారం 735 న్యూటన్లు. 1.5 జీ (గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు) మలుపులో మొత్తం బరువు మార్పిడి 300 × 9.81 × 1.5 × 0.3 ÷ 1.2, అంటే 1,104. ముందు ఇరుసుకి సగం వేసుకుంటే 552. బయటి చక్రం మీద దాదాపు 1,290 న్యూటన్లు. అక్కడ టైరు ఇచ్చే పక్క బలం దానికి ఒకటిన్నర రెట్లు, సుమారు 1,930. ఆ బలం నేల దగ్గర పనిచేస్తుంది, హబ్ మధ్య నుంచి 230 మి.మీ. కింద. మూమెంట్ 444 న్యూటన్ మీటర్లు. హబ్‌ని వంచేది ఇదీ. నిలువు భారాన్ని చూసి హబ్ గీసేవాళ్ళు ఎక్కువ, కానీ అసలు పని పెట్టేది ఈ మూమెంటే.

ఒక చిన్న ఊరట ఉంది. టైరు మధ్య గీత బేరింగుల మధ్యకి బయట ఉంటే, బయటి చక్రంలో నిలువు భారం వల్ల వచ్చే మూమెంట్ దీనికి ఎదురు దిశలో ఉంటుంది. ఆ దూరం 40 మి.మీ. అనుకుంటే 52 తగ్గుతుంది. లోపలి చక్రంలో రెండూ కలుస్తాయి కానీ అక్కడ బలాలే తక్కువ. నేనైతే ఆ 52ని తీసెయ్యను, 444తోనే గీస్తాను.

ఇప్పుడు నీ 40 మి.మీ. బేరింగ్ దూరంతో భాగించు.

కొత్త_సస్పెన్షన్
11,100 న్యూటన్లు! చక్రం మీద ఉన్నది 1,290 అయితే ఒక్కో బేరింగ్ మీద 11 కిలోన్యూటన్లా? దూరం 60 చేస్తే 7.4కి పడిపోతోంది. బేరింగుని మేము చక్రం బరువు చూసి ఎంచుకున్నాం.

మెష్_మనిషి
స్పిండిల్ ఒత్తిడి కూడా చేత్తోనే వస్తుంది. 40 బయట, 25 లోపల ఉన్న గొట్టం సెక్షన్ మాడ్యులస్ (అడ్డుకోత వంపుని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) సుమారు 5,320 ఘన మి.మీ. 444 న్యూటన్ మీటర్లకి 83 మెగాపాస్కల్. మీ ఎఫ్‌ఈఏ 115 చూపించిందంటే ఫిల్లెట్ ప్రభావాన్ని సగం కూడా పట్టుకోలేదు. మెష్ సైజు, అంటే ఒక్కో ముక్క (ఎలిమెంట్) సైజు, ఎంత పెట్టారు?

కొత్త_సస్పెన్షన్
3 మి.మీ.

మెష్_మనిషి
అర మిల్లీమీటరు ఫిల్లెట్ మీద 3 మి.మీ. మెష్ వేస్తే సాఫ్ట్‌వేర్‌కి అక్కడ ఫిల్లెట్ ఉన్నట్టే తెలియదు. వంపు మీద కనీసం ఐదారు ఎలిమెంట్లు పడాలి. మెష్ సగం చేసి మళ్ళీ రన్ చేయండి, ఒత్తిడి మారకుండా నిలబడేదాకా. పదునైన మూల వదిలేస్తే మాత్రం అది ఎప్పటికీ నిలబడదు, మెష్ చిన్నదయ్యేకొద్దీ పెరుగుతూనే పోతుంది. ఆ అంకెను నమ్మకూడదు.

ఇంత చిన్న ఫిల్లెట్‌కి ఒత్తిడి రెండు రెట్లకు పైనే పెరుగుతుంది. రెండే అనుకున్నా 166 మెగాపాస్కల్. మీరు దాన్ని 276 యీల్డ్‌తో (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) పోల్చుకుని నిశ్చింతగా ఉన్నారు. పోల్చాల్సింది ఫెటీగ్ బలంతో. 6061-టీ6కి 50 కోట్ల సైకిళ్ళ దగ్గర అది దాదాపు 97 మాత్రమే. పైగా అల్యూమినియానికి స్టీల్‌లాగా “ఇంతకన్నా తక్కువైతే ఎన్నాళ్ళైనా పర్వాలేదు” అనే గీత లేదు. సైకిళ్ళు పెరిగేకొద్దీ బలం తగ్గుతూనే ఉంటుంది.

సైకిళ్ళు ఎన్నో కూడా చూడండి. మీ టైరు చుట్టుకొలత 1.445 మీటర్లు, కిలోమీటరుకి 692 తిప్పులు. 600 కి.మీ. అంటే 4 లక్షలు దాటింది. మలుపులో చక్రం తిరుగుతుంటే హబ్ మీది ఒకే చోటు ఒకసారి లాగబడి, అర తిప్పు తర్వాత నొక్కబడుతుంది. ప్రతి తిప్పూ ఒక పూర్తి ఎదురుబొదురు సైకిల్. అన్ని తిప్పులూ 1.5 జీలో ఉండవు, నిజమే. కానీ మీ టెస్టింగ్ అంతా స్కిడ్‌ప్యాడ్ (గుండ్రంగా తిరగడం), స్లాలమ్ (కోన్‌ల మధ్య మెలికలు) అయి ఉంటుంది కదా?

కొత్త_సస్పెన్షన్
అవును. సగానికి పైగా స్కిడ్‌ప్యాడే.

ఈఎన్24_పక్షం
అందుకే నేనెప్పుడూ చెప్పేది, హబ్ స్టీల్‌లో చేయండి. ఈఎన్24 తీసుకుంటే ఈ బాధే ఉండదు. దృఢత్వం అల్యూమినియానికి మూడు రెట్లు, ఫెటీగ్‌లో భరోసా, మరలు అరగవు. బరువు కొంచెం పెరిగితే పెరగనివ్వండి, చక్రం ఊడటం కన్నా నయం.

పాత_కెప్టెన్
స్టీల్ మంచిదే, కాదనను. కానీ మూడు రెట్ల దృఢత్వానికి బరువూ దాదాపు మూడు రెట్లే. కిలోకి లెక్క వేస్తే రెండూ సమానం. తేడా తెచ్చేది ఆకారం. వీళ్ళ తప్పు మెటల్ కన్నా ముందు ఆ 40 మి.మీ. వ్యాసంలో ఉంది.

బయట 80, లోపల 74 గొట్టం తీసుకో. అడ్డుకోత వైశాల్యం 726 చదరపు మి.మీ. నీ పాతది 766. అంటే కొత్తది తేలిక. సెక్షన్ మాడ్యులస్ 13,460, కాబట్టి ఒత్తిడి 83 నుంచి 33కి దిగుతుంది. వంగకుండా నిలబడే శక్తి ఐదు రెట్లు. మెటల్ మార్చకుండానే, బరువు తగ్గించుకుంటూ ఇంత దొరుకుతుంది. నేను మొదటి ఏడాది ఈ లెక్క వేయలేదు. వేసిన రోజు మా హబ్ డ్రాయింగులన్నీ పక్కన పడేశాను.

ఈఎన్24_పక్షం
ఆకారం విషయం ఒప్పుకుంటాను. కానీ 80 మి.మీ. బేరింగ్ పెడితే అప్‌రైట్ బోర్ (బేరింగ్ కూర్చునే రంధ్రం) 100 అవుతుంది, 10 అంగుళాల రిమ్‌లో కాలిపర్‌కి (బ్రేక్ ప్యాడ్లని నొక్కే భాగం) చోటు దొరకదు. చోటు బిగుతుగా ఉన్నప్పుడు చిన్న వ్యాసంలో స్టీలే సరైన జవాబు. వెనక హబ్‌లో అయితే ఇంకో మాట కూడా లేదు. ట్రైపాడ్ రోలర్లు (ఇంజిన్ శక్తిని వెనక హబ్‌కి అందించే జాయింట్‌లోవి) నేరుగా 7075 అల్యూమినియం మీద నడిస్తే కొన్నాళ్ళకి గాడి పడుతుంది. నేను స్వయంగా చూశాను, యాక్సిలరేటర్ తొక్కగానే టక్కుమని శబ్దం. అక్కడ గట్టిపరిచిన స్టీల్ ఇన్సర్ట్ అయినా పెట్టాలి.

పాత_కెప్టెన్
ట్రైపాడ్ దగ్గర స్టీల్ తప్పదు. నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను.

లేత్_చేతులు
ఇన్నాళ్ళూ చదవడమే కానీ రాయలేదు. నేను టర్నింగ్, మిల్లింగ్ పని చేస్తాను. విద్యార్థుల హబ్‌లు చాలా నా చేతుల మీదుగా వెళ్ళాయి.

మీరు 0.5 ఫిల్లెట్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. బేరింగ్ లోపలి రింగు మూల చెక్కుడు కన్నా మీ ఫిల్లెట్ పెద్దదైతే రింగు భుజానికి ఆనదు, వంపు మీదకి ఎక్కి కూర్చుంటుంది. అందుకని అందరూ ఫిల్లెట్ చిన్నది చేస్తారు. అలా చేయకండి. భుజానికీ బేరింగ్‌కీ మధ్య ఒక స్టీల్ రింగు వేయండి. ఆ రింగు లోపలి మూలకి పెద్ద చెక్కుడు కొట్టించండి. అప్పుడు హబ్ మీద ఫిల్లెట్ 3, వీలైతే 4 మి.మీ. పెట్టుకోవచ్చు. బేరింగ్ చక్కగా రింగుకి ఆనుతుంది. ఐదు నిమిషాల పని.

ఇంకోటి. డ్రాయింగ్‌లో ఫిల్లెట్ దగ్గర ఫినిష్ రాయండి. రాయకపోతే మామూలు టూల్ గుర్తులు ఉండిపోతాయి. ఆ చిన్న గాడుల్లోనే పగులు పుడుతుంది. నేనైతే చివరి పాస్ సన్నగా తీసి, పాలిష్ చేసి ఇస్తాను. అడిగితే ఎవరైనా చేస్తారు.

కొత్త_సస్పెన్షన్
రింగు ఆలోచన మాకు అస్సలు తట్టలేదండీ. చాలా థాంక్స్. బోర్ టాలరెన్స్ గురించి కూడా అడగాలి. పాత అప్‌రైట్‌లో బేరింగ్ బయటి రింగు బోర్‌లో తిరిగిన గుర్తులున్నాయి. చల్లగా ఉన్నప్పుడు మాత్రం గట్టిగానే ఉంది.

లేత్_చేతులు
వేడికి వదులైంది. అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెండింతలు పెరుగుతుంది. 100 మి.మీ. బోర్, 60 డిగ్రీలు పెరిగిందనుకోండి. రెండిటి మధ్య తేడా వ్యాసంలో సుమారు 66 మైక్రాన్లు. మీరు 20, 25 మైక్రాన్ల బిగువు పెట్టి ఉంటే బ్రేకులు వేడెక్కగానే అది పోయి ఖాళీ వచ్చేస్తుంది. నడిచే వేడి దగ్గర లెక్క వేసి బిగువు పెట్టుకోండి. ఆ బిగువుకి బేరింగ్ లోపలి ఖాళీ ఎంత తగ్గుతుందో కూడా చూసుకోవాలి. హబ్ వైపు దీనికి తిరగబడుతుంది. లోపలి రింగు అల్యూమినియం హబ్ మీద ఉంటే వేడికి ఇంకా బిగుస్తుంది, ప్రీలోడ్ (బేరింగ్‌లో ముందే పెట్టే నొక్కుడు) మారుతుంది.

బ్రేక్_సర్క్యూట్
వేడి మాట వచ్చింది కాబట్టి బ్రేకుల తరఫున నేను చెప్తాను. డిస్క్‌ని హబ్‌కి గట్టిగా బోల్ట్ చేయొద్దు తమ్ముడూ, ఫ్లోటింగ్ బాబిన్ల (డిస్క్‌ని కొంచెం కదలనిచ్చే పిన్నుల) మీద పెట్టండి. డిస్క్ పెరగడానికి చోటు ఉంటుంది, హబ్‌లోకి వేడి తక్కువ దిగుతుంది. 7075-టీ6ని 120 డిగ్రీల దగ్గర ఏజింగ్ (వేడిలో ఉంచి గట్టిపరచడం) చేసి ఆ బలం తెస్తారు. అంతకన్నా వేడిలో ఎక్కువసేపు ఉంచితే బలం తగ్గుతూ వస్తుంది, మళ్ళీ రాదు. హబ్ మీద వేడికి రంగు మారే స్టిక్కర్లు అంటించి ఒక రోజు నడిపి చూడండి.

కాలిపర్ ఎక్కడ పెట్టారు? ఇరుసుకి ముందా, వెనకా?

కొత్త_సస్పెన్షన్
ముందు, అక్కా. టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) వెనక ఉంది, అందుకని.

బ్రేక్_సర్క్యూట్
లెక్క చూడు. 1.5 జీ బ్రేకింగ్‌లో నీ ముందు చక్రం మీద దాదాపు 1,160 న్యూటన్లు, నేల దగ్గర బ్రేక్ బలం 1,740, టార్క్ 400 న్యూటన్ మీటర్లు. ప్యాడ్ పట్టే రేడియస్ 90 మి.మీ. అనుకుంటే కాలిపర్ దగ్గర 4,450 న్యూటన్లు. కారు ముందుకు పోతుంటే డిస్క్ ముందు అంచు కిందకి దిగుతుంది. కాలిపర్ దాన్ని ఆపుతూ పైకి తోస్తుంది. నేల కూడా చక్రాన్ని పైకే తోస్తోంది. రెండూ కలిసి బేరింగుల మీద 5,600. కాలిపర్ వెనక ఉంటే అక్కడ డిస్క్ పైకి లేస్తుంది కాబట్టి కాలిపర్ కిందకి లాగుతుంది. తీసివేస్తే 3,300. స్టీరింగ్ కోసం ముందే పెట్టాల్సి వస్తే పెట్టు, తప్పు కాదు. కానీ తెలిసి పెట్టు.

కాలిపర్ బ్రాకెట్‌ని అప్‌రైట్‌లో కలిపి మిల్ చేయించు. విడిగా చేసి రెండు బోల్టుల మీద వేలాడదీస్తే బ్రేక్ తొక్కినప్పుడల్లా మెలితిరుగుతుంది, ప్యాడ్లు ఏటవాలుగా అరుగుతాయి.

కొత్త_సస్పెన్షన్
అప్‌రైట్‌కి వద్దాం. పాతది 6061 ప్లేట్లు వెల్డ్ చేసింది. కొత్తది 7075 దిమ్మ నుంచి మిల్ చేయిద్దామని. అప్‌రైట్‌ని సస్పెన్షన్‌కి కలిపే పై, కింది బాల్ జాయింట్ల మధ్య 160 మి.మీ. సేఫ్టీ ఫ్యాక్టర్ ఎంత పెట్టమంటారు?

పాత_కెప్టెన్
అప్‌రైట్‌ని ఆ ప్రశ్నతో మొదలుపెట్టకు. అది విరగడం కన్నా ముందు వంగుతుంది. ఎంత వంగనిస్తావో ముందు రాసుకో. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) ఎంత మారొచ్చు, టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) ఎంత మారొచ్చు. దానికి సరిపోయేలా గీస్తే బలం చాలావరకు దానంతట అదే వస్తుంది. హబ్‌కి ఫెటీగ్, అప్‌రైట్‌కి దృఢత్వం. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసే జట్లే ఎక్కువ.

160 తక్కువ. రిమ్‌లో పట్టినంత పెంచు. ఇరుసుకి పైకీ కిందకీ సమానంగా ఉందనుకుంటే, 1,930 న్యూటన్ల పక్క బలానికి కింది జాయింట్ మీద 3,740 వస్తుంది. 200 చేస్తే 3,185. పై జాయింట్ మీద బలం ఎదురు దిశలో ఉంటుంది, మర్చిపోకు. జాయింట్ దగ్గర 0.1 మి.మీ. కదిలితే 200 దూరంలో క్యాంబర్ 0.03 డిగ్రీలు మారుతుంది. అదే 0.1 టై రాడ్ దగ్గర కదిలితే, స్టీరింగ్ ఆర్మ్ 80 మి.మీ. అయితే, టో 0.07 డిగ్రీలు. డ్రైవర్ “కారు మలుపులో మాట వినట్లేదు” అంటే నేను ముందు చూసేది ఆ స్టీరింగ్ ఆర్మ్‌నే.

వెల్డింగ్ వదిలేయడం మంచి నిర్ణయం. 6061-టీ6ని వెల్డ్ చేసి మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ ఇవ్వకపోతే అతుకు పక్కన యీల్డ్ దాదాపు సగానికి పడిపోతుంది. 7075ని మామూలు వెల్డింగ్‌కి అసలు ఇవ్వకూడదు.

మెష్_మనిషి
అప్‌రైట్‌ని ఒంటరిగా రన్ చేయకండి. బేరింగ్ బోర్‌ని గట్టిగా ఫిక్స్ చేసి జాయింట్ల దగ్గర బలం పెడితే, బోర్ కోడిగుడ్డులా సాగడం కనిపించదు. అసలు వంగేది అక్కడే. హబ్, బేరింగ్, అప్‌రైట్ కలిపి పెట్టండి, బలం టైరు నేలని తాకే చోట నుంచి ఇవ్వండి. బేరింగ్‌కి స్ప్రింగ్ విలువ ఇవ్వండి. రన్ అయ్యాక మొదట చూడాల్సింది రంగుల బొమ్మ కాదు, జాయింట్ల దగ్గర రియాక్షన్లు. అవి పైన కెప్టెన్ గారు చెప్పిన చేతి లెక్కతో కలవాలి. కలవకపోతే మోడల్ తప్పు.

ఈఎన్24_పక్షం
జాయింట్ బోల్టులు డబుల్ షియర్‌లో (రెండు వైపులా పట్టుకునేలా) పెట్టండి. ఒక వైపే పట్టుకుంటే బోల్టు వంగుతుంది. అల్యూమినియంలో నేరుగా మరలు తీస్తే హెలికాయిల్ (మర లోపల వేసే స్టీల్ చుట్ట) వేయండి, లోతు వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు.

వీల్ స్టడ్‌లు ఎన్ని, ఏ సైజు?

కొత్త_సస్పెన్షన్
నాలుగు ఎం8, 8.8 గ్రేడ్, పీసీడీ (స్టడ్‌ల మధ్యల మీదుగా పోయే వృత్తం వ్యాసం) 100. మధ్యలో ఒకే నట్ పద్ధతికి మారదామా అని కూడా అనుకుంటున్నాం.

ఈఎన్24_పక్షం
400 న్యూటన్ మీటర్ల టార్క్‌ని 50 మి.మీ. రేడియస్‌లో మోయాలంటే 8,000 న్యూటన్లు. అది స్టడ్ కోత మీద కాదు, బిగింపు వల్ల వచ్చే రాపిడి మీద ఆధారపడాలి. రాపిడి 0.15 అనుకుంటే ఒక్కో స్టడ్ 13.3 కిలోన్యూటన్లు నొక్కాలి. ఎం8 8.8ని 25 న్యూటన్ మీటర్లకి బిగిస్తే 16 దాకా వస్తుంది. సరిపోతుంది, కానీ మిగులు పెద్దగా లేదు. మొదటి రన్ తర్వాత మళ్ళీ టార్క్ చూడండి, వీల్ సెంటర్ కొంచెం కుంగుతుంది.

ఒకే నట్‌కి వెళితే, అది వదులైనా నట్‌నీ చక్రాన్నీ పట్టి ఉంచే ఇంకో సాధనం ఉండాలని ఫార్ములా ఎస్‌ఏఈ (విద్యార్థుల రేసు కార్ల పోటీ) నిబంధన. రెండో నట్ బిగిస్తే చెల్లదు. అల్యూమినియం నట్లు వాడితే హార్డ్ అనోడైజ్ చేసి, గీత లేకుండా ఉండాలి. ఈ ఏడాది మీ చేతిలో పగిలిన హబ్ ఉంది. నాలుగు స్టడ్‌లతోనే ఉండండి.

పాత_కెప్టెన్
ఆ చివరి మాటకి నాదీ ఓటు. బేరింగులు యాంగ్యులర్ కాంటాక్ట్ (ఏటవాలుగా భారం మోసేవి) తీసుకో, బ్యాక్ టు బ్యాక్ (వీపులు కలిసేలా) పెట్టు. కాంటాక్ట్ గీతలు బయటికి విచ్చుకుంటాయి కాబట్టి 50 మి.మీ. దూరంలో పెట్టినా అంతకన్నా దూరంగా ఉన్నట్టు పనిచేస్తాయి. ఎదురెదురుగా పెడితే ఆ దూరం తగ్గిపోతుంది. పొరపాటున తిప్పి ఎక్కించడం మా జట్టులో జరిగింది, అసెంబ్లీ డ్రాయింగ్‌లో పెద్ద అక్షరాలతో రాయి.

కొత్త_సస్పెన్షన్
మూడు వారాల తర్వాత వస్తున్నాను. డై పరీక్షలో వెనక ఎడమ హబ్‌లో కూడా సన్నటి గీత కనిపించింది, అదే భుజం దగ్గర. పరీక్ష చేయించమన్నందుకు కెప్టెన్ అన్నకి ఎంత చెప్పినా తక్కువే.

కొత్త డిజైన్: ముందు హబ్ 7075-టీ6, బయట 80, లోపల 72, ఫిల్లెట్ 3 మి.మీ., మధ్యలో స్టీల్ రింగు. 80-100-10 సన్న బేరింగులు, 50 మి.మీ. దూరం, బ్యాక్ టు బ్యాక్. వెనక హబ్ ఈఎన్24. జాయింట్ల మధ్య 195 దొరికింది. కాలిపర్ వెనక్కి మార్చాం, టై రాడ్ ముందుకి తెచ్చాం. దానికి స్టీరింగ్ జ్యామితి అంతా మళ్ళీ చేయాల్సి వచ్చింది. రెండు వారాలు అక్కడే పోయాయి, కానీ బాధ లేదు.

బేరింగ్ ఎక్కించేటప్పుడు అప్‌రైట్‌ని ఎంత వేడి చేయాలండీ?

లేత్_చేతులు
90 నుంచి 100 డిగ్రీలు, ఓవెన్‌లో. మంట చూపించొద్దు, ఒక చోటే కాలిపోతుంది. గది వేడి నుంచి 80 డిగ్రీలు పెరిగితే 100 బోర్ 0.18 మి.మీ. తెరుచుకుంటుంది, బేరింగ్ చేత్తో జారిపోతుంది. బేరింగ్‌ని కవర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకవేళ ప్రెస్ వాడాల్సి వస్తే బయటి రింగునే నొక్కండి. లోపలి రింగు మీద నొక్కితే బంతులు దారిలో గుంటలు చేస్తాయి, అది కంటికి కనపడదు.

బ్రేక్_సర్క్యూట్
ఏ హబ్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక పుస్తకంలో రాయండి. 300 కి.మీ.కి ఒకసారి విప్పి డై పరీక్ష.

కొత్త_సస్పెన్షన్
రాస్తాం అక్కా. హబ్‌ల మీద నంబర్లు కూడా పంచ్ కొట్టిస్తున్నాం, కలిసిపోకుండా.

లేత్_చేతులు
పంచ్ కొట్టకండి! ఆ గుంట దగ్గరే కొత్త పగులు మొదలవుతుంది. ఫ్లాంజి బయటి అంచున, స్టడ్ రంధ్రాలకి దూరంగా, మార్కర్‌తో రాసి పైన వార్నిష్ పూయండి. ఫిల్లెట్ వైపు ఏ గీతా పెట్టకండి.